పన్నెండుమంది జూరీ, ఒకటే బండి

విజయనగరం ఆడపిల్లల కాలేజీలో చరిత్ర చెప్పే జ్ఞానాంబది విచిత్రమైన పిచ్చి. సంగీతం వాళ్ళింట పుట్టి, వీణ ముట్టకుండా, ఎక్కడో అమెరికా గొడవ నెత్తిన వేసుకున్న మనిషి. అక్కడి బానిసల ఓడలను ఎవరు ఆపారు, ఎవరు ఆపలేకపోయారు అని మొదలుపెడితే గంట కొట్టినా వినిపించేది కాదు. పాపం, ఆ అమెరికా చరిత్ర పేపరు తీసుకున్నవాళ్ళు మాత్రం ముగ్గురే.

1968లో ప్రిన్సిపాల్ సుభద్రమ్మ ఖరాఖండిగా చెప్పేసింది. "శనివారానికి పదిహేను పేర్లు రాకపోతే అమెరికా చరిత్ర ఎత్తేస్తానమ్మా."

జ్ఞానాంబకు ఒకటే దిగులు. ఆ పాఠం లేని కాలేజీకి తను రావడం దేనికి? శుక్రవారం హాల్లో ఉత్తుత్తి కోర్టు పెట్టింది. కొత్త బానిసలను దేశంలోకి తేవడం నేరమని 1807లో చట్టం చేశాక కూడా దొంగచాటుగా తెచ్చిన కెప్టెన్ పద్మకుమారి. ఓడలో దొరికిన బందీ నీలవేణి. జూరీగా ఆమదాలవలస నుంచి రోజూ రైలుబండిలో వచ్చే పన్నెండుమందిని కూర్చోబెట్టింది. పద్మకుమారిదీ ఆ బండేనన్న సంగతి ఆవిడకు తట్టనే లేదు.

సాక్ష్యాలన్నీ కెప్టెన్ మీదే ఉన్నాయి. అయినా జూరీ పెద్ద దేముడమ్మ లేచి, "తప్పు నేదండి, వదిలేత్తన్నాం" అంది.

"ఏమే, కళ్ళు లేవూ?" అంది జ్ఞానాంబ.

"ఉన్నాయండి. రేపు బండిలో దాని పక్కనే కూకోవాలి కదండి!"

హాలంతా ఘొల్లుమంది. వెనక కూర్చున్న సుభద్రమ్మ కూడా నవ్వింది. పేపరు పోయినట్టేననుకుంటూనే జ్ఞానాంబకూ నవ్వాగలేదు. "అక్కడా ఇదే జరిగిందే తల్లీ! జూరీలో కూర్చున్నది చాలాచోట్ల కెప్టెన్ ఇరుగుపొరుగే."

అప్పుడు నీలవేణి లేచింది. "మరి నా సంగతేటండి? ఈళ్ళు తప్పని సెప్పుంటే నన్ను వదిలేసేవోరా?"

"లేదమ్మా. నిన్ను ఓడ పట్టుబడిన రాష్ట్రానికి అప్పగించేవాళ్ళు. అక్కడి దక్షిణాది రాష్ట్రాల్లో అయితే నిన్ను వేలం వేసేవాళ్ళు."

"కేసు నెగ్గినా అమ్మేత్తారా?" దేముడమ్మ మండిపడింది. "అదేటి సట్టమండి? మార్సనేదా?"

"మార్చారు. పన్నెండేళ్ళు పట్టింది. ఎలాగన్నది ఈ పేపరు తీసుకుంటే చెప్తాను."

శనివారం పొద్దున్న బండి దిగిన పన్నెండుమందీ, వాళ్ళతోపాటు కెప్టెనూ, తిన్నగా ప్రిన్సిపాల్ గదికి వచ్చి పేర్లు రాశారు. జ్ఞానాంబ ఆనందం పట్టలేక గుమ్మంలోనే నిలబడిపోయింది.

సుభద్రమ్మ సంతకం పెట్టి తలెత్తింది. "చట్టం మార్చాక ఆ పిల్లని ఇంటికి పంపారా?"

"ఆఫ్రికాకు పంపారండి. కానీ నీది ఏ ఊరని అడిగిన నాథుడే లేడు."

సుభద్రమ్మ కలానికి మూత పెట్టింది. తర్వాత, "సోమవారం నీ పాఠం ఎన్నింటికి?" అంది.