నోటికి బత్తా

చోడవరం పక్కన పంచదార ఫ్యాక్టరీ కడుతున్న రోజుల్లో నేనూ మా ఆవిడా అక్కడే పనిచేశాం. నేను తాపీ పట్టేవాణ్ణి, ఆవిడ తట్ట మోసేది. పెళ్లయి ఏడాది కూడా తిరగలేదు. అప్పటికే ఆవిడ నోటికి ఊళ్లో నాకంటే ఎక్కువ పేరుండేది.

అక్కడ కూలికి ఒక పద్ధతి ఉండేది. దూరం నుంచి వచ్చినవాడికి కూలి మీద తిండి ఖర్చుకని బత్తా ఇచ్చేవారు. రావికమతం నుంచో బుచ్చయ్యపేట నుంచో నడిచొచ్చే మాబోటి వాళ్లకు అది లేదు. ఇంట్లో గంజి తాగి వస్తారు, వీళ్లకెందుకు అనేవాడు అనకాపల్లి కాంట్రాక్టరు. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు చూడండి, మేం ఆ చెట్లం. సంత రోజు సాయంత్రం కూలి పంచడంలోనూ వరుసే. ముందు మేస్త్రీలు, తర్వాత తాపీవాళ్లు, ఆఖరున తట్టలు మోసే ఆడవాళ్లు. మా తాపీవాళ్ల వంతుకే మసక చీకటయ్యేది, వాళ్ల వంతు వచ్చేసరికి చిమ్మచీకటి పడేది, సంతలో ఎవరూ కొనని చేపలు మిగిలేవి. ఆ చేపలు కడుగుతూ మా ఆవిడ ప్రతి వారం ఆ వరుసను తిట్టేది. పులుసు బాగానే ఉందిగా అని నేనంటే నన్నూ కలిపి తిట్టేది.

పొగగొట్టం పని మొదలయ్యాక ఉత్తరాది నుంచి ఒక మేస్త్రీ తన ముఠాతో దిగాడు. గొప్ప పనిమంతుడు. కానీ అతనికి తెలుగు రాదు, మాకు హిందుస్తానీ రాదు. మొదటి రోజు అతను పరంజా మీద నుంచి కేకలేస్తుంటే మేమంతా కింద తలలూపుతూ నిలబడ్డాం. మా ఆవిడ తట్ట దించి, తల పైకెత్తి అతనికి హిందుస్తానీలోనే జవాబు చెప్పింది.

ఆవిడ పుట్టింది రంగంలో, అదే, బర్మా రంగూన్‌లో. వాళ్ల నాన్న అక్కడ బియ్యం మిల్లులో కూలి. ఆ కూలి లైన్లలో ఆడుకుంటూ హిందుస్తానీ నేర్చుకుంది. యుద్ధంలో బాంబులు పడ్డప్పుడు, చిన్నపిల్లగా, అడవులూ కొండలూ నడిచి వాళ్లవాళ్లతో ఈ దేశం చేరింది.

ఆ రోజు నుంచి నెత్తిన తట్ట, నోట్లో మాట. గొట్టం లోపలి వరుసకు నిప్పుకు ఓర్చే ఇటుక, దానికి ఒక రకం బంకమట్టి. బయటి వరుసకు మామూలు ఇటుక, సున్నం. ఏది ఎప్పుడు పైకి పంపాలో ఆవిడ చెబితేనే మాకు తెలిసేది. కూలి మాత్రం తట్టకే. ఒకరోజు ధైర్యం చేసి, తనకూ మేస్త్రీల కూలి ఇమ్మని కాంట్రాక్టరును అడిగింది. ఆడవాళ్లు ఎలాగూ మాట్లాడతారు, దానికి కూడా కూలా అని కాంట్రాక్టరు నవ్వేశాడు. నాకు భయం వేసింది. ఇద్దరి పనీ పోతే ఏం తింటాం, ఊరుకో అన్నాను. ఆవిడ ఊరుకుంది. నేను చెప్పినదానికంటే ఎక్కువే ఊరుకుంది.

మర్నాడు పనిలోకి వచ్చి ఒక్క మాటా మాట్లాడలేదు. తట్టలు ఎప్పటిలాగే మోసింది. పైనుంచి కేక వస్తే వినపడనట్టు సాగిపోయింది. ఇక నేనే ఆదుకోవాలనుకున్నాను. తెలుగు మాట చివర ‘హై’ తగిలిస్తే హిందుస్తానీ అయిపోతుందని నాకు గట్టి నమ్మకం. ‘సున్నం హై?’ అని అరిచాను. మేస్త్రీ విసుగ్గా చెయ్యి ఊపాడు. అది అవుననే అర్థమని సున్నం తట్టలు వరసగా పైకి పంపించాను. అతను అడిగింది బంకమట్టి. సున్నం తట్టలన్నీ తిరిగి కిందికి దిగాయి, వాటి వెనకే మేస్త్రీ దిగి, ఇటుకల మీద కూర్చుని బీడీ వెలిగించాడు. పని ఆగిపోయింది.

కాంట్రాక్టరు పరుగున వచ్చి, నోరు పడిపోయిందా అని మా ఆవిణ్ణి అడిగాడు.

"పడిపోలేదు బాబూ. ఇంటికాడ ఒగ్గేసి వచ్చేను. మీరు తట్టకి కూలిస్తన్నారు, తట్ట తెచ్చేను."

ఈ ఊరిదానివి, నీకు ఎక్కువెందుకని ఆయన పాత పాటే ఎత్తుకున్నాడు.

"నేను ఈ ఊరిదాన్నే బాబూ. నా మాట ఈ ఊరిది కాదు, రంగం నించి నడిసొచ్చింది. దూరం నించి వచ్చినోళ్లకి బత్తా అన్నారు కదా. దానికియ్యండి."

ఏమన్నావని మేస్త్రీ అడిగితే, అదే ముక్క హిందుస్తానీలో అతనికి చెప్పింది. అతను మోకాళ్లు చరుచుకుంటూ నవ్వాడు. ఆ నవ్వు చూసి మేమూ నవ్వాం, చివరికి కాంట్రాక్టరుకూ నవ్వక తప్పలేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. మా ఆవిడ నోరు మంచిదని నేను ప్రమాణం చెయ్యలేను గానీ, ఆ మధ్యాహ్నం నుంచి గొట్టం మళ్లీ లేచింది.

ఆ వారం సంత రోజు, పొద్దు ఇంకా ఉండగానే మేస్త్రీల పిలుపు మొదలైంది. ఉత్తరాది మేస్త్రీ తర్వాత మా ఆవిణ్ణి పిలిచారు. నాకు కొంచెం సిగ్గేసింది, దానికి పదింతలు గర్వం కలిగింది. ఆవిడ తల మీది చుట్టకుదురు తీసి నా చేతిలో పెట్టింది.

"ఇది పట్టుకో మావా. నీ వంతు వచ్చేసరికి సీకటి పడతాది. సేపలు నేను సూస్తాను."

కూలీ, దాని మీద బత్తా అందుకుని, వెనక్కి చూడకుండా సంతకేసి వెళ్లిపోయింది. నన్ను పిలిచేదాకా ఆ కుదురు పట్టుకుని వరుసలోనే నిలబడ్డాను.