వీరవేణి బొమ్మల గోడ

ధవళేశ్వరం ఆనకట్టకి దిగువన, గట్టు దిగి నాలుగడుగులు వేస్తే జాలరిపేట. ఆ రోజుల్లో ఆ పేటలోకి వెళ్ళి వీరవేణి ఇల్లెక్కడని అడిగితే ఎవరూ చెయ్యి చాపి ఊరుకునేవారు కాదు. ముందు నవ్వేవారు. ఆనక "బొమ్మల గోడ చూడ్డానికొచ్చారా అండీ" అని, చేతిలో పని అక్కడ పడేసి మనతోపాటు వాళ్ళూ బయల్దేరేవారు. ఎన్నిసార్లు చూసినా ఆ గోడని ఇంకోసారి చూడ్డానికి వాళ్ళకి ఏదో ఒక వంక కావాలి.

తాటాకు కప్పు, మట్టి గోడలు, ఒకటే గది. తలుపు తియ్యగానే ఎదురుగా ఉన్న గోడకి ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఒక చేపల వల పరిచి కట్టి ఉండేది. ఆ వల కళ్ళకి ముప్పై ఏడు బొమ్మలు వేలాడేవి. ఒక్కటీ విప్పింది కాదు. కొట్లో ఎలా ఉన్నాయో అలాగే, పైన రంగుల అట్ట, కింద ప్లాస్టిక్ కవరు, కవర్లో బొమ్మ. సెల్యూట్ కొట్టే పోలీసు, డోలు వాయించే కోతి, నీలికళ్ళ గౌను పిల్ల, మెడలో గొట్టం వేసుకున్న డాక్టరు, తలకి గాజు బుర్ర తగిలించుకుని చందమామ మీదికి వెళ్ళే మనిషి. గోదారి గాలి లోపలికి కొట్టిందంటే కవర్లన్నీ ఒక్కసారి గలగలమనేవి. ఆ చప్పుడు వింటే చాలు, వీరవేణికి ఎక్కడలేని హుషారూ పుట్టుకొచ్చేది.

ఈ పిచ్చి ఆవిడకి చిన్నప్పటినుంచీ ఉన్నది కాదు. ఇద్దరు మగపిల్లల్ని కని, పెంచి, వాళ్ళు గెడ్డాలు గీసుకునే వయసుకొచ్చి ఇసక పడవల మీద పనికి పోయాక పట్టుకుంది. రోజూ చేపల గంప నెత్తిన పెట్టుకుని రాజమండ్రి వెళ్ళి వీధులు తిరిగి అమ్మేది. ఒకరోజు కోటిపల్లి బస్టాండు దగ్గర కాశీవిశ్వనాథం శెట్టిగారి ఫాన్సీ కొట్టు ముందు, తాడుకి గుచ్చి వేలాడదీసిన బొమ్మలు ఆవిడ కంట పడ్డాయి. అంతే, గంపతో సహా అక్కడే పాతుకుపోయింది. ఉల్లిపాయ కూడా ముట్టని శెట్టిగారు ముక్కుకి కండువా అడ్డం పెట్టుకుని, ఆ గంప కాస్త దూరంగా దింపి రా తల్లీ అని దణ్ణం పెట్టాడు. ఆవిడ దింపి వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని పావుగంట అలా చూస్తూనే ఉండిపోయింది. తన చేతుల నీసు బొమ్మకి ఎక్కడ అంటుకుంటుందోనని ఆవిడ భయం, ఆవిడ నీసు తనకెక్కడ అంటుకుంటుందోనని శెట్టిగారి భయం. చివరికి ఆయన బొమ్మని పైనుంచి ఆవిడ కొంగులో పడేశాడు. ఆ తర్వాత తొమ్మిదేళ్ళపాటు ఇద్దరి మధ్యా బేరం అలాగే సాగింది.

కొన్న బొమ్మని విప్పి చూసుకోవేమే అని అమ్మలక్కలు అడిగేవారు. ఊపిరాడక చచ్చిపోతాయే అని కూడా ఏడిపించేవారు. వీరవేణి దగ్గర ఒకటే జవాబు. తన చేతికొచ్చే ప్రతి వస్తువూ పదిమంది చేతులు తిరిగే వస్తుందని, అత్త కట్టి విడిచిన చీర, తోడికోడలు వాడి ఇచ్చిన గిన్నె తప్ప తను ఎరగదని, ఎవరి చెయ్యీ పడని వస్తువుని తన బతుకులో ఈ కవర్లలోనే చూశానని చెప్పేది. చెప్పేటప్పుడు నవ్వుతూనే చెప్పేది.

ఇక ఆ వల సంగతి. అది మొదట్లో మొగుడు పోతురాజుది. చిల్లులు పడితే ఇక పనికిరాదని గట్టు మీద పారేశాడు. మేకలు దాని మీద పడుకునేవి. వీరవేణి దాన్ని ఈడ్చుకొచ్చి, పుట్టింట్లో తండ్రి దగ్గర నేర్చిన పనితనమంతా పెట్టి, రెండు వానాకాలాలు కూర్చుని చిరుగులన్నీ కట్టింది. మట్టి గోడకి మేకులు కొడితే పెళ్ళలు రాలుతున్నాయి కాబట్టి, గోడకి ఈ చివరా ఆ చివరా రెండు గుంజలు పాతి వల బిగించి బొమ్మల్ని దానికి కట్టింది. ఇల్లు అత్తగారిది, పొయ్యి అత్తగారిది, గోడ మాత్రం వీరవేణిది. పేటంతా ఆ మాట ఒప్పుకుంది, ఇంట్లోవాళ్ళు తప్ప.

డెబ్బై తొమ్మిదో సంవత్సరం శ్రావణంలో గోదారికి వరద ఎర్రనీరు తగిలింది. ఎర్రనీరు తగిలితే పులస చేపలు సముద్రంలోంచి ఎదురీదుకుంటూ వస్తాయి. పేటకంతటికీ అసలు పండగ అదే. సరిగ్గా ఆ ముందురోజే పోతురాజు కొత్త వల నీళ్ళడుగున మొద్దుకి తగులుకుని పీలికలైపోయింది. పక్కింటి సత్తిరాజు పడవ సిద్ధం చేసి, బావమరిది జీవరాజుని ఎక్కించుకుని, వల తెమ్మని కేకేశాడు. పోతురాజు ఇంట్లో ఆ మూలా ఈ మూలా చూశాడు. చివరికి గోడ వైపు చూశాడు. వీరవేణి అప్పటికే గంపతో రాజమండ్రి బస్సెక్కేసింది. పోతురాజూ, తల్లి రత్తమ్మా కలిసి అరగంటలో గోడ ఖాళీ చేసేశారు.

మధ్యాహ్నం వీరవేణి తిరిగొచ్చింది. ఆ వేళ కొంగులో కొత్త బొమ్మ ఉంది, ఒంటిచక్రం సైకిలు తొక్కే జోకరు. దాన్ని పోలీసు పక్కన కట్టాలా కోతి పక్కన కట్టాలా అని దారిపొడుగునా ఆలోచించుకుంటూ, తనలో తను నవ్వుకుంటూ వచ్చి తలుపు తీసింది. ఎదురుగా బోసి మట్టి గోడ. దొంగలు పడ్డారనుకుని అరవబోయింది. రత్తమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ, తల ఎత్తకుండానే, వల మీ ఆయన పట్టుకెళ్ళాడు, నీ బొమ్మలు ఖాళీ డ్రమ్ములో పోశాం, ఎక్కడికీ పోలేదులే అంది. వీరవేణి డ్రమ్ము బోర్లించి లెక్కపెట్టింది. ముప్పై ఆరే ఉన్నాయి. చందమామ మనిషి లేడు.

వీరవేణికి కోపం ఎంత వచ్చిందంటే ఏడుపు రావడం మానేసింది. ఒక్కమాట అడిగి తీసుకుంటే ఏం పోయింది వీళ్ళకి అనుకుంటూ, జోకరుని నడుముకి దోపుకుని రేవు వైపు పరుగెత్తింది. ఆ వల తనదని పదిమందిలో అనిపిస్తేగాని ఇంటికి తిరిగి రానని దారిలోనే ఒట్టేసుకుంది.

రేవంతా జనం. పడవ అప్పుడే ఒడ్డుకి తగులుతోంది. పోతురాజు ముందు నిలబడి, రెండు చేతులూ ఎత్తి ఎనిమిది వేళ్ళు చూపిస్తున్నాడు. ఎనిమిది పులసలు. ఒక్క పులస దొరికితే వారం రోజులు చెప్పుకునే పేటలో ఎనిమిదంటే ఇక చెప్పేదేముంది. ముసలివాళ్ళు కూడా నీళ్ళలోకి దిగిపోయి పడవ లాగుతున్నారు. వల ఒడ్డున పరిచాక అందరికీ ఇంకో వింత కనబడింది. వల మధ్యలో, కట్టిన ముడి కట్టినట్టే, చందమామ మనిషి ఉన్నాడు. అట్ట నాని వంగిపోయింది గాని కవర్లోకి ఒక్క చుక్క పోలేదు. గాజు బుర్ర తళతళలాడుతోంది.

సత్తిరాజు వాణ్ణి చూపించి, "మాతోపాటు పడవెక్కిన నాలుగో వాడు వీడేనండి. ఇదంతా వీడి చలవే" అన్నాడు. జనం ఘొల్లుమన్నారు. వీరవేణి నవ్వలేదు. ఆ మాటని మాత్రం జాగ్రత్తగా దాచుకుంది.

వాటాలు వెయ్యడానికి పేట పెద్ద వీరబ్రహ్మం వచ్చి కూర్చున్నాడు. అక్కడి పద్ధతి ప్రకారం పడవకి రెండు, వలకి రెండు, వెళ్ళిన మనిషికి ఒకటి. పడవ వాటా సత్తిరాజు ముందు పెట్టాడు. ముగ్గురు మనుషులకీ మూడు ఇచ్చాడు. వల వాటా రెండు చేపలూ తీసి పోతురాజు వైపు జరపబోతుంటే వీరవేణి జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చింది.

"పెద్దయ్యగారూ, వల వాటా వలగలవాళ్ళకే కదండీ?"

అంతేనమ్మా అన్నాడు వీరబ్రహ్మం.

"అయితే ఇటు పెట్టండి."

ఆ వల డబ్బు పెట్టి కొన్నది నేనే కదా అని పోతురాజు గొణిగాడు. నువ్వు కొన్నది మేకలు పడుకున్న వల మావా, ఇది నేను కట్టింది, కావాలంటే అందరూ చూడండి అని వీరవేణి వల అంచు పట్టి పైకెత్తింది. చిరుగులు కట్టిన రోజుల్లో ఆవిడకి దొరికింది నీలం దారమే. ఎండలో పట్టుకుంటే వలలో తెలుపెంతో నీలం అంతకి మించి ఉంది. పోతురాజు ఆ ముడులకేసి చాలాసేపు చూశాడు. వాటి మధ్యనించే పొద్దున్నుంచీ చేపల్ని తీశాడు, ఒక్క ముడీ కంట పడలేదు.

"వల ఎవరిది పోతురాజూ?" అన్నాడు వీరబ్రహ్మం.

"మా ఇంట్లోదానిదండి."

"మీ ఇంట్లో ఆడోళ్ళు ఇద్దరున్నారు. ఎవరిదో పేరు సెప్పు."

నలుగురిలో పెళ్ళాం పేరు పలకడం ఆ పేటలో మగాళ్ళకి అలవాటు లేదు. పోతురాజు చెవులు ఎర్రబడ్డాయి. కాళ్ళకేసి చూశాడు, గోదారికేసి చూశాడు, ఏ సాయమూ రాలేదు.

"వీరవేణిదండి" అన్నాడు.

కాపరానికొచ్చిన ముప్పై ఏళ్ళలో మొగుడి నోట తన పేరు వినడం ఆవిడకి అదే మొదటిసారి. కాళ్ళు నేల మీద ఆనడం లేదు. రెండు పులసలూ చేతుల్లోకి తీసుకుంది, ఎక్కడ పెట్టాలో తెలియక మళ్ళీ కింద పెట్టింది, మళ్ళీ తీసుకుంది. ఆ ఊపులో, వాటాలు పోగా మిగిలిన ఎనిమిదో చేప కూడా అడిగేసింది. ఇదంతా చందమామ మనిషి చలవేనని సత్తిరాజుగారే అన్నారు, పడవెక్కిన నాలుగో వాడని కూడా అన్నారు, మరి మనిషి వాటా వాడికి రావద్దా అని నిలదీసింది.

జనం పొట్టలు పట్టుకున్నారు. వీరబ్రహ్మం మాత్రం విచారణ శ్రద్ధగా జరిపించాడు. వీడు మొదటినుంచీ చివరిదాకా పనిలో ఉన్నాడా అని అడిగాడు. ఉన్నాడన్నాడు సత్తిరాజు. మధ్యలో బీడీ అడిగాడా? లేదండి. నిద్రపోయాడా? వీడు కాదండి, జీవరాజు పోయాడండి. అది వినగానే జీవరాజు మెల్లిగా తన చేప పట్టుకుని జనం వెనక్కి జరిగాడు. ఎనిమిదోది బొమ్మదేనని తీర్పయింది. వాడు కవర్లోంచి బయటికొచ్చి తినేవాడు కాదు గనక, దాన్ని పులుసు పెట్టి పేటంతా నాలుకకి రాసుకోవాలన్నాడు పెద్దాయన. పులుసు నేను పెడతాను, నా కోడలు సంపాదించింది ఇంకోళ్ళు ముట్టుకోవడానికి వీల్లేదని రత్తమ్మ చేప లాక్కుంది. పొద్దున గోడ ఖాళీ చేసిన చేతులు అవే.

సందడి తగ్గాక సత్తిరాజు అలవాటు కొద్దీ పోతురాజుని అడిగాడు, రేపు కూడా ఆ వల వస్తుందా అని. పోతురాజు అడ్డంగా తలూపాడు.

"నన్నడుగుతారేంటండీ. వలగల మనిషి అక్కడుంది."

వీరవేణి వల వైపు ఒకసారి చూసి, వస్తుంది గాని పొద్దుపోకముందే మంచినీళ్ళలో జాడించి ఆరబెట్టి తెచ్చి ఇవ్వాలని, బొమ్మలు విప్పేవాళ్ళూ కట్టేవాళ్ళూ సబ్బుతో చేతులు కడుక్కోవాలని, చందమామ మనిషి వాటా ఖాయమని షరతులు పెట్టింది. అన్నిటికీ సరేనన్నారు. నడుముకి దోపుకున్న జోకరుని అప్పుడు బయటికి తీసి అందరికీ చూపించింది.

ఆ ఎర్రనీరు ఉన్న నెలన్నరా ఇంట్లో ఇదే వరస. పగలంతా మంచం మీద బొమ్మలు, పొద్దు వాలేసరికి గోడ మీద వల. పోతురాజు సబ్బు వాసనేసే చేతులతో బొమ్మల్ని ఒక్కొక్కటే తీసి కట్టేవాడు. ప్రతిదానికీ ఎక్కడ కట్టమంటావని వీరవేణిని అడిగేవాడు. నిన్న ఎక్కడ కట్టాడో ఆవిడకి బాగా గుర్తే. అయినా ఇంకోసారి అడిగించుకోవాలని రోజుకో చోటు చెప్పేది.