అవతలి గట్టున ఎవరున్నారు

ఫ్లెక్సు మీద మా మనవరాలి తలకు గాజుబుడ్డి తొడిగారు. ఒక పక్క మా అమ్మవారు, ఇంకో పక్క ఎర్రటి గ్రహం, నడిమధ్య వ్యోమగామి వేషంలో మా పిల్ల. కింద తమిళంలో పెద్ద పెద్ద అక్షరాలు: మన వంశపు రెండో దాటు. గుడి వాకిట్లో రెండు బొంగులు పాతి దాన్ని కడుతుంటే నిలబడి చూశాను. ఒళ్ళు మండింది. ఆ మంట ఇప్పటికీ చల్లారలేదు. చల్లారాలని నాకేమీ లేదు.

మేం కోయంబత్తూరు సింగానల్లూరులో ఉంటాం. ఇంట్లో తెలుగు, వాకిలి దాటితే తమిళం. నేను బడికి పోయింది కొన్నాళ్ళే, అదీ తమిళ బడి. తెలుగు అక్షరాలు మిల్లు పనిలో చేరాక, తిరుపతి కొండ కింద కొన్న బాలల పుస్తకం పెట్టుకుని నాకు నేనే దిద్దుకున్నాను. ఆ తరవాత పొట్లం కట్టిన కాగితం కూడా వదలకుండా చదివాను. రాతలో తప్పులుంటే ఉండనివ్వండి. సంగతి తప్పు కాదు.

మా కులదేవత గుడి మదురై దాటి, నల్లరేగడి చేల మధ్య ఉంది. ఏటా ఎండాకాలంలో పండగకు అందరం అక్కడ చేరతాం. మా పెద్దలు ఉత్తరాన్నించి ఎట్లా వచ్చారో ఒకడు నిలబడి చెప్పాలి. అక్కడి రాజు మా పిల్లనొకదాన్ని బలవంతంగా చేసుకుంటానన్నాడు. పిల్లను ఇచ్చేది లేదని రాత్రికి రాత్రే ఊరంతా కదిలింది. ముందర ఏరు పొంగుతోంది, వెనక గుర్రాలు. అప్పుడు గట్టు మీది కానుగచెట్టు వంగి అవతలి గట్టుకు తల ఆనించింది. దాని మీద నడిచి దాటారు. అందుకే మాలో ఎవరూ కానుగ కొమ్మ విరవరు, పుల్లతో పళ్ళు తోమరు.

కథ అక్కడితో అయిపోదు. అవతలికి చేరాక ఒక పెద్దావిడ అడిగింది, అందరూ దాటినారా అని. చూస్తే ఒక కుంటి ముసలామె రాలేదు. అప్పుడు ఎవరి కోసం ఊరంతా పారిపోయి వచ్చిందో ఆ పిల్లే, గుర్రాల చప్పుడు వినబడుతున్నా, అదే చెట్టు మీద వెనక్కి నడిచి ముసలామెను వీపున మోసుకొచ్చింది. ఆమె కాలు ఇవతల పడ్డాకే చెట్టు మళ్ళీ నిక్కింది. ఈనాటికీ కథ చివర్న, గుంపులో అందరికంటే పెద్ద ఆడమనిషి అదే మాట అడగాలి. చెప్పేవాడు గుంపంతా కలయజూసి, దాటినారు, ఎవరినీ విడవలేదు అనాలి. ఆ మాట పడితేనే హారతి, ఆ తరవాతే అన్నం. ఇది మా పద్ధతి.

ముందంతా ఆ కథ చెప్పింది నేనే. ఈ మధ్య కొన్నేళ్ళు నాకు ఆయాసం వల్ల మా సంఘం తలైవరే, అంటే అధ్యక్షుడే, మైకులో కథ చెప్పాడు. నాకు వరసకు మేనల్లుడు, మంచివాడే. కాని కోసి కోసి చెప్పాడు. ముసలామెను వదిలేశాడు. చెట్టు వంగింది, మనవాళ్ళు వెనక్కి చూడకుండా దాటారు, చప్పట్లు. అడిగే మాట, బదులు మాట మొక్కుబడిగా మిగిలాయి. పిల్లలు విన్నది ఆ కథ.

మా మనవరాలు, కూతురి కూతురు, తిరుప్పూరులో బనీన్ల కంపెనీలో రంగులు పరీక్ష చేసే పని చేస్తుంది. పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి ఇల్లు. ఒకనాడు వచ్చి, చెప్పులు కూడా విడవకుండా నిలబడింది.

"తాతా, నేను సెలెక్ట్ అయినాను. సెవ్వాయికి."

మా అక్క గడప దగ్గర సాంబారు ఉల్లిపాయలు వలుస్తోంది. తలెత్తకుండానే అడిగింది. "యా ఊరది? సేలం పక్కనా?"

"ఊరు కాదు అవ్వా. ఆకాశంలో ఉండే సెవ్వాయి."

సెవ్వాయి అంటే అంగారకుడు, కుజుడన్నా వాడే. మా ఇళ్ళలో తమిళ పేరే వాడుక. అక్క చేతిలో ఉల్లిపాయ ఆగింది.

"సెవ్వాయి దోషమని నీకు వచ్చిన సంబంధాలు తప్పిపోయినాయే, ఇప్పుడు నువ్వే ఆడికి పోయి వానితో సండ పెట్టుకుంటావా?"

అంగారకుడితో తగాదా అనేసరికి ముగ్గురం నవ్వాం. ఆ నవ్వులోనే అడిగాను. "మళ్ళీ ఎప్పుడొస్తావు అమ్మణీ?"

"రావడం లేదు తాతా. పోవడమే. తిరిగొచ్చే రాకెట్టు ఉండదు. ఆడనే ఊరు కట్టుకోవల్ల."

నవ్వు ఆగిపోయింది.

ఎవరో పరదేశపు ప్రైవేటు కంపెనీవాళ్ళట. సర్కారు కాదు. మనుషుల్ని ఎంచి, తర్ఫీదు ఇచ్చి, పంపుతారట. ఖర్చు ఎట్లా అంటే, ఎంపిక మొదలు అక్కడి బతుకు దాకా అంతా టీవీలో చూపుతారట. అంటే వీళ్ళు అక్కడ ఊపిరాడక తన్నుకుంటే అదీ చూపుతారు, మధ్యలో సబ్బు ప్రకటన వేస్తారు. పండగ అయినాక పని మానుకొని శిబిరానికి పోవాలని మా పిల్ల నిర్ణయం చేసుకుంది. రాజీనామా చెప్పేది పండగ దాటిన సోమవారం.

"నువ్వే గదా తాతా, చిన్నప్పటి నుంచి చెప్పినావు. మనోళ్ళు వెనక్కి చూడకుండా దాటినారని."

"వెనక్కి చూడకుండా అని నేనెన్నడూ చెప్పలేదు."

"తలైవర్ మామ చెప్పినాడు. అదీ ఇదీ ఒకటే గదా. వాళ్ళు దాటకుంటే మనం ఉండం."

ఈ మాట నన్ను పొడిచింది. ఇది మావాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యలేని పొరపాటు. వలస వచ్చినవాళ్ళమన్న గర్వంతో, పోవడమంటే చాలు చప్పట్లు కొడతాం. మా పెద్దలు ప్రాణం దక్కించుకోవడానికి కదిలారు, ప్రకటన చూసి కాదు. ఆవుల్ని తోలుకొచ్చారు, విత్తనం మోసుకొచ్చారు. అవతలి గట్టున నీళ్ళున్నాయి, మన్నుంది. అన్నిటికంటే ముందు మనుషులున్నారు. వాళ్ళ భాష వేరే, అయినా ఎండలో వచ్చినవాళ్ళకు చెంబెడు నీళ్ళు పోసినవాళ్ళు. వాళ్ళ పుణ్యాన మేం మిగిలాం. ఆ ఎర్ర దిబ్బ మీద నీళ్ళు పోసేదెవరు?

నేను సైన్సు వద్దనే మనిషిని కాను. మన సర్కారు రాకెట్టు లేచినప్పుడల్లా టీవీ ముందు చేతులు కట్టుకుని నిలబడతాను. ఎవడైనా పోయి చూసి రానీ, దండేసి ఊరేగిస్తాను. కాని తిరిగి తేవడం మా వల్ల కాదు, పంపడం మాత్రం చేస్తాం అనేవాణ్ణి నేను నమ్మను. వాడు ముందు ఎక్కుతాడా? అడిగాను మా పిల్లను. వాడు ఎక్కనే ఎక్కడట. వాడికి ఇక్కడ పని ఉందట.

ఇంకొకటి నాకు బాగా తెలుసు. నూలు మిల్లులో కిటికీలు తెరవరు. పోగు తెగకుండా యంత్రాలతో ఆవిరి చిమ్ముతూ ఉంటారు. ఆ ఆవిరి, ఆ దూది నుసి, అదే మా ఊపిరి. షిఫ్టు ఉన్నంతసేపూ గాలి కంపెనీది. సైరన్ కూసి గేటు దాటాక రోడ్డు మీద నిలబడి గుండె నిండా పీల్చేవాళ్ళం, ఎదుటి టీకొట్టు పొగతో సహా. ఆ మిల్లూ ఒకనాడు మూతబడింది. కొత్త భవిష్యత్తని ఏవో చెప్పి గేటుకు తాళం వేశారు. కాని ఒకటుంది. మేం తాళం పడిన గేటుకు బయట ఉన్నాం. ఒకడు కీరలమ్మాడు, ఒకడు ఆటో తోలాడు, నేను వర్క్‌షాపులో కాపలా కాశాను. బతికాం. అక్కడ కంపెనీ మూతబడితే ఈ పిల్ల గేటు బయటికి వచ్చి ఏం పీలుస్తుంది? రాత్రీ పగలూ గాలి వాడిదే. ఇది ఊరు కట్టడం కాదు. గేటు లేని మిల్లు.

ఇదంతా చెప్పాను. పిల్ల వినింది. "నువ్వు భయపడతా ఉండావు తాతా, అంతే," అనింది.

"ఆమా, భయమే. ఐతే ఏమి?" అన్నాను.

పండగ నాడు పొద్దున తలైవర్ నా దగ్గరికి వచ్చాడు.

"మామా, ఈ ఏడు మీరే చెప్పాల. కడపట మన పాప సంగతి కలిపి, రెండో దాటు అని ముగించండి. ఆ కుంటి ముసలిది మాత్రం వద్దు. టీవీవాళ్ళు వస్తారు. పది నిమిషం చాలు."

"పది నిమిషంలో ఇడ్లీ ఉడకదు. వంశం ఏరు దాటల్లనా?"

"సుమ్మా, ఊరికే అడ్డం పడొద్దు మామా. మన పేరు దేశమంతా తెలిసే దినం ఇది."

మైకు వద్దని పక్కకు పెట్టి నిలబడ్డాను. చెప్పాను. గుర్రాలు, ఏరు, కానుగచెట్టు. ఆ తరవాత ముసలామె. ఆ పిల్ల వెనక్కి నడవడం నా చేతనైనంత నిదానంగా చెప్పాను, కొమ్మ ఊగడం, కింద నీళ్ళు, వీపు మీద బరువు. చిన్నపిల్లలు నోరు తెరుచుకుని విన్నారు. వాళ్ళకిది కొత్త. మా మనవరాలు కానుగ నీడలో నిలబడి ఉంది. మొహం చూడలేదు నేను.

గుంపులో అందరికంటే పెద్దది మా అక్కే. కూర్చున్న చోటి నుంచే గొంతెత్తింది. "అందరూ దాటినారా?"

గుంపంతా చూశాను. "చెప్పలేనక్కా," అన్నాను. "ఒకతె పోతాననింది. తిరిగి తేవడానికి మన దగ్గర అంత పొడుగు చెట్టు లేదు."

అంతే, కూర్చున్నాను. హారతి పళ్ళెం పట్టుకున్నాయన అట్లాగే నిలబడిపోయాడు. వంటపందిరి దగ్గర సాంబారు పొగలు కక్కుతోంది. తలైవర్ వంగి, "మామా, అన్నం ఆరిపోతాది, మాట చెప్పండి, అందరూ ఆకలి మీద ఉండారు," అన్నాడు.

"అబద్ధం నా నోట రాదు. నువ్వు చెప్పు."

వాడు చెప్పలేకపోయాడు. అమ్మవారి ముందర కదా.

మా పిల్ల గుంపు తోసుకుని వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఇంట్లో సండ పెట్టుకోవచ్చు గదా తాతా. ఇంతమంది ముందర నన్నిట్ల నిలబెట్టల్లనా?"

"నేను నిలబెట్టలేదు. ఆ ఫ్లెక్సు నిలబెట్టింది."

"నా బతుకు నా ఇష్టం."

"నీ ఇష్టమే. నీ కాళ్ళు కట్టేయలేదే. దాటినారని మాత్రం నా చేత అనిపించొద్దు."

అక్క కర్ర నేలకు కొట్టింది. "ఇద్దరూ ఆగండి. నేను అడిగినాను, ఎవరో ఒకరు చెప్పల్ల. నువ్వే చెప్పు అమ్మణీ. అందరూ ఉండారా?"

పిల్ల గుంపంతా కలయజూసింది. తరవాత, "ఈ పొద్దుకు ఉండారు అవ్వా," అనింది.

"ఈ పొద్దుకా! నా కాలంలో అట్ల చెప్పింది లేదు," అని గొణిగి, "సరి, ఈ పొద్దుకు తినొచ్చు, వడ్డించండి," అనింది అక్క. హారతి వెలిగింది. ఆ రోజు సాంబారు చల్లగానే తిన్నాం. టీవీవాళ్ళు మాత్రం రానేలేదు.

తిరుగు బస్సులో పిల్ల నా పక్కన కూర్చోలేదు. దిండిగల్లు దాటాక వచ్చి, కిటికీలోంచి చూస్తూ అడిగింది. "చిన్నప్పుడు విన్నా మనసుకు పట్టలేదు తాతా. ఆ పిల్లే వెనక్కి పోయిందా? నిజంగానా?"

"నా చిన్నప్పుడు మా అవ్వ అట్లనే చెప్పింది."

సోమవారం రాజీనామా చెప్పలేదు, ఆ కంపెనీవాళ్ళతో ఫోనులో మాట్లాడాక చెప్తానంది. ఆ వారమే మాట్లాడింది. నేను తలుపు అవతలే ఉన్నాను, దాచేదేముంది. ఇంగ్లీషు నాకు సగమే అర్థమైంది, మిగతాది తనే చెప్పింది. అక్కడ ఒకరికి జబ్బు చేస్తే ఎవరొస్తారని అడిగిందట. ఆ మనిషి నవ్వుతూ, ఇట్లాంటి ప్రశ్న అడిగేవాళ్ళ మనసు గట్టిది కాదని మేం రాసుకుంటాం అన్నాడట.

"రాసుకో అన్నాను తాతా," అనింది. "పెద్దగా రాసుకో అన్నాను."

ఆ మీద వాళ్ళూ పిలవలేదు, తనూ అడగలేదు. తలైవర్ నాతో మాట్లాడడం మానేశాడు. వచ్చే ఏడు మైకు ఇవ్వడట. ఇవ్వకపోనీ, కుంటి ముసలామెను మోయడానికి మైకెందుకు? నా గొంతు ఉన్నన్నాళ్ళూ ఆమె ఇవతలికి వస్తుంది. ఆ ఫ్లెక్సు ఇప్పుడు గుడి పక్క మేకల కొట్టం మీద కప్పుగా ఉంది. గాజుబుడ్డి మీద వాన నీళ్ళు నిలుస్తున్నాయట.

మా పిల్లకు నా మీద కోపం ఇంకా పోలేదు. ఇంతమంది ముందర చేశావని ఇప్పటికీ దెప్పుతుంది. అందులో న్యాయం ఉంది, కాని మళ్ళీ ఆ దినం వస్తే మళ్ళీ అదే చేస్తాను. కోపం ఉండనీ. ఆ కోపంతోనే సాయంత్రం తిరుప్పూరు బస్సు దిగి, చెప్పులు విసిరేసి, లోపలికి వస్తుంది. అక్క గడప దగ్గర ఉల్లిపాయలు వలుస్తూ, తలెత్తకుండానే అడుగుతుంది: "వచ్చినావా?"

"వచ్చినాను అవ్వా," అంటుంది, నా వైపు చూడకుండా.