వెంటనే వచ్చే జవాబు

వాయుగుండం హెచ్చరిక వచ్చిన రోజు పొద్దున్నే నన్ను నెల్లూరు ఆఫీసు నుంచి ఇందుకూరుపేట కంట్రోల్ రూముకి పంపారు. తీరంలో పడవల రాకపోకలు నమోదయ్యే డేటాబేస్‌ను చూసుకోవడం నా ఉద్యోగం. పడవ సముద్రంలోకి వెళ్లేటప్పుడు ఒక ఎంట్రీ, ఒడ్డుకు చేరాక ఇంకొకటి. రేవుల్లోని సిబ్బంది తమ ఫోన్ల నుంచే వాటిని పంపుతారు.

ఆ రోజు ఫోన్లు ఆగకుండా మోగుతున్నాయి. చేసేది ఎక్కువగా ఆడవాళ్లే. అందరూ అడిగేది ఒకటే: మా పడవ వచ్చిందా?

ఫోన్లు ఎత్తుతున్న అక్క అక్కడి పాత ఉద్యోగి. పడవ నంబరు కొట్టి, తెర మీద తిరిగే చక్రాన్ని చూస్తూ, "ఎతకతా ఉండా మ్మా, లైన్లోనే ఉండు" అనేది. ఒక్కో జవాబు తేలేలోపు వెనక ఫోన్లు తెగిపోతున్నాయి.

"దీన్నేమైనా చెయ్యగలవా?" అని మా అధికారి అడిగారు.

కారణం నాకు తెలుసు. డేటాబేస్‌లో మేం వాడుతున్న 'వ్యూ'లో దాచి ఉండేది ప్రశ్న మాత్రమే, జవాబు కాదు. అడిగిన ప్రతిసారీ ఏళ్లుగా పేరుకున్న రాకపోకలన్నిటినీ మళ్లీ మొదటినుంచీ కలిపి చూస్తుంది. దానికి ఇండెక్స్, అంటే ఎప్పుడూ సిద్ధంగా ఉండే జాబితా, కడితే జవాబే నిలిచి ఉంటుంది. కొత్త ఎంట్రీ పడగానే అదీ మారిపోతుంది. అయితే, వెళ్లిన ఎంట్రీ ఉండి వచ్చిన ఎంట్రీ లేని పడవలను చూపమని నేరుగా రాస్తే అలాంటి వ్యూ ఒప్పుకోదు; ఉన్న ఎంట్రీలను కూడడమే దానికి తెలుసు. అందుకని వెళ్లడాన్ని ప్లస్ ఒకటిగా, రావడాన్ని మైనస్ ఒకటిగా తీసుకుని పడవవారీ మొత్తం నిలిపాను. సున్నా అయితే వచ్చినట్టు, ఒకటైతే రానట్టు. మధ్యాహ్నానికల్లా నంబరు కొట్టీ కొట్టగానే జవాబు పడుతోంది. అధికారి ముఖం తేటపడింది.

అక్క అన్నానికి లేస్తే ఫోను నేను తీసుకున్నాను. మైపాడు నుంచి ఒకామె పడవ నంబరు చెప్పింది.

"ఇంకా రాలేదక్కా."

అవతల గాలి హోరులోంచి ఆమె గొంతు పెరిగింది. "ఏంది మ్మా, నేను చెప్పీ చెప్పకముందే రాలేదంటావు? అసలు చూసినావా?"

"చూశానక్కా, కంప్యూటర్లో…"

"పొద్దున ఇంకోమె ఎంతసేపో ఎతికింది. నువ్వు ఎతక్కుండానే మా వోళ్లని లేకుండా చేస్తా ఉండావే!" పెట్టేసింది.

నేను అబద్ధం చెప్పలేదు. కానీ నాకు తెలిసింది ఎంట్రీ సంగతే, పడవ సంగతి కాదు. దక్షిణాన కొన్ని రేవుల్లో పొద్దుటి నుంచి సిగ్నల్ లేదు. అక్కడ ఒడ్డుకు చేరిన పడవకు ఎంట్రీ ఎవరు పంపుతారు? ఎంట్రీ రానంతవరకు ఆ ఒకటి ఒకటిగానే ఉంటుంది. అటువైపు ఊళ్లకు వరసగా ఫోన్లు చేయడం మొదలుపెట్టాను. చాలావరకు కలవలేదు. చివరికి శ్రీహరికోట దారిలోని ఒక ఊళ్లో పాస్టరుగారు ఎత్తారు. వాళ్ల చర్చి హాల్లో జనాన్ని ఉంచారట.

"మైపాడోళ్లు వచ్చుండారు మ్మా, గాలికి కొట్టుకోని వచ్చినారు. నలుగురు. ఇంకొకాయన పడవ కాడే ఉండిపోయినాడంట, తాడు వదలనని."

ఆయన వాళ్లనడిగి చెప్పిన నంబరు నాకు ఫోన్ చేసిన మైపాడామె పడవదే. ఆమెకు ఫోన్ చేశాను. ఉండిపోయినాయన పేరు చెప్తే, తన భర్తేనంది. "వస్తాడు" అని నేను అనలేకపోయాను. ఆమె కూడా ఆ మాట అడగలేదు.

సాయంత్రం చీకటి పడకముందు పాస్టరుగారే ఫోన్ చేశారు. ఆమె భర్తను తీసుకొచ్చారట, తాడు రాపిడికి అరచేతులు చీరుకుపోయాయట. ఆయన్ను లైన్లోనే ఉంచి, ఇంకో ఫోన్లో ఆమెకు చెప్పాను. "ఆయన మాట వినిపీ మ్మా" అంది ఆమె. నేను రెండు ఫోన్లూ స్పీకర్లో పెట్టి ఎదురెదురుగా పట్టుకున్నాను. "పడవ కావాల్సొచ్చిందా నీకు?" అని ఆమె అరిచింది. ఆయన ఏదో గొణిగాడు. నాతో ఒక్క మాటయినా అనకుండానే ఆమె పెట్టేసింది.

మర్నాడు తెర మీద 'రాలేదు' తీసేసి 'ఇంకా నమోదు కాలేదు' అని పెట్టించాను. పక్కనే ఆ రేవు నుంచి ఆఖరి ఎంట్రీ ఎప్పుడొచ్చిందో కనిపించేలా చేశాను. వ్యూ మాత్రం అదే, ఇప్పటికీ రెప్పపాటులో జవాబిస్తుంది. గాలీవానల రోజుల్లో నేను ఫోను దగ్గర కూర్చుంటే మాత్రం, నంబరు కొట్టాక కూడా ఏ రేవు, ఎంతమంది వెళ్లారు అని అడుగుతూ, రెండో ఫోనులో ఆ రేవుకు కలుపుతాను. ఒక్కోసారి అక్కడ ఎవరూ ఎత్తరు.