పేరు లేని మైక్రోస్కోపు

శ్రీపాదరావు ఆదోనిలో జంతుశాస్త్రం చెప్పి రిటైరయ్యాడు. ఆయన ఇంట్లో పద్నాలుగు పాత ఇత్తడి మైక్రోస్కోపులున్నాయి. పదమూడింటిని ఎవరు చేశారో ఆయనకు తెలుసు. వాళ్లు ఏ వీధిలో దుకాణం పెట్టారో, ఎవరితో పోట్లాడారో కూడా తెలుసు. చుట్టాల గురించి చెప్పినట్టు చెబుతాడు.

"లండన్‌లో పావెల్ అని ఒకాయన. బావమరిది లీలాండ్‌తో కలిసి మైక్రోస్కోపులు చేసినాడు," అన్నాడు ఒకరోజు హోటల్లో.

"బావమరిదితో యాపారమా?" హోటలు అయ్యన్న గ్లాసు కడగడం ఆపాడు. "యాడన్నా నిలబడ్తాదా సార్?"

"నిలబడింది. అంతకన్నా మంచివి ఎవరూ చేయలేదంటారు."

"అయితే ఆ బావమరిది నోరు తెరిచేటోడు కాదులే."

పద్నాలుగోది ఎమ్మిగనూరులో పాత సామాన్ల కొట్టులో, దీపపు కుందుల మధ్య దొరికింది. దాని మీద ఏ పేరూ లేదు. కాళ్లు చూస్తే పావెల్ పనే అనిపించింది. మూడేళ్లుగా ఆయనకు అదే ఆశ. బళ్లారి డాక్టరు మహేశ్వర్‌కూ ఇదే పిచ్చి, ఇంకా ముదిరింది. వాట్సాప్‌లో ఫొటోలు చూసి ఫోన్ చేశాడు, ఆదివారం వచ్చి తేలుస్తానన్నాడు. అవసరమైతే వారం రోజులు తీసుకుపోతానన్నాడు.

ఆ చివరి మాట భార్య అంబాబాయి చెవిన పడింది. పేరు కొట్టించని ఇత్తడి వస్తువును ఆమె గడప దాటనివ్వదు. ఒకసారి ఎవరి పెళ్లికో మంచి గంగాళం ఇస్తే, సొట్టల గంగాళం తిరిగి వచ్చింది. శుక్రవారం ఆయన బ్యాంకుకు పోగానే, ఆమె మైక్రోస్కోపును పాత చీరలో చుట్టుకుని ఆటో ఎక్కింది.

శనివారం పొద్దున ఆయన బీరువా తీశాడు. గొట్టం మీద చుక్కల అక్షరాలు. 'ఎస్. అంబాబాయి, ఆదోని.'

ఆయన కూర్చున్నాడు.

"ఏం చేసినావే ఇది?"

"పేరు కొట్టించినా. ఆ డాక్టరు మార్చి ఇస్తే?"

"నూట అరవై ఏళ్ల వస్తువు! దాన్ని ముట్టుకోవాలంటే నేను చేతులు కడుక్కుంటాను."

"నేనూ కడుక్కున్నా."

"కనీసం నా పేరన్నా కొట్టించకపోతివే."

"ఈ ఇంట్లో ఏ గిన్నె మీదుంది మీ పేరు?"

ఆయన వంటింటి వైపు చూశాడు. లేచి వెతకలేదు.

పాత్రల అంగడికి పోయి, పేర్లు కొట్టే లక్ష్మప్పను పట్టుకున్నాడు.

"చెరపడానికి వీలు కాదు సార్. కావాలంటే పక్కన మీది కొడ్తా."

"వద్దు నాయనా."

"లోపలిది మాత్రం నేను కొట్టలే. ముందే సెప్తాండా."

"లోపలిదేంది?"

"గొట్టం సొట్ట పడకూడదని మర విప్పి కట్టె దూర్చినా. ఆడ ఎవరో ఇంగ్లీషులో గీసినారు. పాతది. నేను దాని జోలికి పోలే."

మర అరిగిపోతుందని శ్రీపాదరావు మూడేళ్లలో ఒక్కసారీ గొట్టం విప్పలేదు. ఆయన ఆటో కోసం ఆగలేదు.

ఆదివారం మహేశ్వర్ వచ్చాడు. బయటి పేరు చదివాడు. కాఫీ తాగాడు. మళ్లీ చదివాడు. అప్పుడు శ్రీపాదరావు గొట్టం విప్పి టార్చి వేశాడు. సన్నని గీతల్లో 'మార్తా హార్ట్, 1858.'

"పావెల్ కాదు సార్," అన్నాడు మహేశ్వర్. "ఈ పేరు నేను ఏ జాబితాలోనూ చూడలేదు. ఆడమనిషి. చేసింది ఈమేనా?"

మైక్రోస్కోపు పక్కన పెట్టడానికి 'పావెల్' అని ముందే రాసుకున్న చీటీని శ్రీపాదరావు మెల్లగా జేబులో వేసుకున్నాడు.

"ఎవరి పేరంట?" అంబాబాయి తలుపు దగ్గర నిలబడి అడిగింది.

"మార్తా అని ఎవరో. ఆమే చేసిందేమో."

"ఆమె ఎందుకు చేస్తాది? వాళ్లాయన ఎవరికో చూడను ఇస్తానని ఉంటాడు."

ఆ మగవాళ్లిద్దరికీ కలిపి ముప్పై ఏళ్ల చదువు. అంతకన్నా మంచి కారణం వాళ్లకు తోచలేదు.