జేబులో కాలిన సెల్లు

2018లో నేను మదనపల్లెలో అటవీ రేంజి ఆఫీసరుగా ఉన్నాను. ఆ ఏడాది టమాటా సీజను మధ్యలో డివిజన్ ఆఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది. కుప్పం వైపు ఏనుగుల ట్రాకరు ఒకరికి టార్చి సెల్లు వల్ల తొడ కాలిందని, దానిపై విచారించి నివేదిక ఇవ్వాలని, ఇకపై ఏ సెల్లులు కొనాలో కూడా సూచించాలని అందులో ఉంది. తన రేంజిలో జరిగిన ప్రమాదాన్ని ఆ రేంజి ఆఫీసరే విచారించకూడదు కాబట్టి పని నాకు అప్పగించారు.

ట్రాకర్లు శాఖలో పర్మనెంటు ఉద్యోగులు కారు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి రోజుకూలీ మీద తీసుకుంటాం. తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి ఏనుగులు దిగితే ఏ చెరకు తోటలో, ఏ రాగి చేలో ఉన్నాయో కనిపెట్టి, రైతులను అటు పోనీయకుండా చూడడం వాళ్ల పని. దానికి టార్చి ప్రాణాధారం. మామూలు సెల్లుల టార్చీలు బరువుగా ఉన్నాయని, వెలుగు చాలడం లేదని, అంతకు కొన్ని నెలల ముందే చార్జింగు పెట్టుకునే లిథియం సెల్లుల టార్చీలు కొన్నారు. ఒక్కో టార్చిలో రెండు సెల్లులు, విడిగా మరో రెండు.

గాయపడిన మనిషి పేరు వెంకటప్ప, నలభై దాటిన వాడు. ఆసుపత్రిలో చూశాను. పట్టపగలే, బండి ఆపి తోట గట్టున నడుస్తూ ఉంటే ప్యాంటు జేబు ఒక్కసారిగా వేడెక్కిందట. చెయ్యి పెట్టి తీసేలోపల బుస్సుమని మంట వచ్చిందట. జేబులో బండి తాళం, చిల్లర, విడి సెల్లులు కలిసి ఉన్నాయి. సెల్లు చుట్టూ ఉండే పలుచని ప్లాస్టిక్ పొర చిరిగి, తాళం రెండు ధ్రువాలనూ కలిపింది. అది స్పష్టంగానే తెలిసింది.

ఈ ఒక్క సంగతితో నివేదిక ముగించవచ్చు. మా పై అధికారి ఫోనులో అదే అన్నారు. సిబ్బంది అజాగ్రత్త అని రాస్తే సరిపోతుందని, సరుకు లోపం అని రాస్తే కొనుగోలు కమిటీలో సంతకాలు పెట్టిన అందరినీ ఆడిట్ వాళ్లు ప్రశ్నిస్తారని. ఆయన చెడ్డవారు కారు, ఇబ్బంది లేకుండా పోవాలనుకున్నారు. కానీ అజాగ్రత్త అన్న మాట రికార్డులో పడితే వెంకటప్పకు వైద్యం ఖర్చు ఇప్పించలేం, మళ్లీ పనిలోకీ తీసుకోరు. ఆ సంగతి నేను వెంకటప్ప దగ్గర దాచలేదు. సెల్లులు జేబులో ఎందుకు వేసుకున్నావని అడిగాను.

"సెల్లులు ఇచ్చిరి మేడం, పెట్టుకునేదానికి డబ్బీ ఇయ్యల్యా," అన్నాడు. "జేబులో గాక యాడ పెట్టుకునేది?"

అతను చెప్పింది రాసుకున్నాను. వాడిన సెల్లులు, వాడనివి కొన్ని సీలు వేసి తీసుకుని పుంగనూరు వెళ్లాను.

టార్చీలు సరఫరా చేసిన ఖాదర్ బాషా పుంగనూరులో ఎలక్ట్రికల్ సామాన్ల అంగడి నడుపుతాడు. తండ్రి కాలం నుంచి ఉన్న అంగడి. జరిగింది చెప్పాను. ముందు ఆ మనిషి ఎట్లున్నాడని అడిగాడు.

"బెంగుళూరు నుంచి పార్సిల్ ఎట్ల వస్తాదో అట్లనే ఇస్తాండాను మేడం. తక్కువ రేటు కావాలంటే ఈ సరుకే ఉండాది. లోపల ఏముందో నాకు మాత్రం ఎట్ల తెలుస్తాది?"

అతన్ని వెంటబెట్టుకుని పక్కనున్న బంగారు అంగడికి వెళ్లి సెల్లును త్రాసులో వేయించాను. బొటనవేలు మందాన ఉండే ఈ సైజు మంచి సెల్లు సుమారు నలభై అయిదు గ్రాములు తూగుతుంది. ఇది ముప్పై దాటి కొంచెమే తూగింది. పైన మాత్రం 9,900 అని అచ్చు వేశారు. ఎంత చార్జి పడుతుందో చెప్పే అంకె అది. ఆ సైజులో ఎంత పేరున్న కంపెనీ సెల్లయినా మూడున్నర వేలు దాటడం అరుదు.  ఖాదర్ బాషా మిగిలిన సరుకు ఆ పూటే అరల్లోంచి దించేశాడు.

అంగళ్లు అనే ఊరి దగ్గరి ఇంజినీరింగు కాలేజీలో పాఠం చెప్పే సుజాత నాకు తెలుసు. ఆమె ల్యాబులో కొన్నిటిని పరీక్షించింది. ఒక్కటి కూడా వెయ్యి అందుకోలేదు. పెద్ద గొట్టంలో చిన్న సెల్లు పెట్టి, మిగతాది పనికిరాని పొడితో నింపి ఉండవచ్చని, బరువు అందుకే తగ్గిందని చెప్పింది. మంచి రకం సెల్లుల అడుగున చిన్న సర్క్యూటు బిళ్ల ఉంటుంది. చార్జి ఎక్కువైనా, మరీ తగ్గినా, కొసలు రెండూ కలిసినా అది కరెంటు ఆపేస్తుంది. వీటికి అది లేదు. అయితే దాన్నే నమ్ముకోవద్దని కూడా ఆమె హెచ్చరించింది. పై పొర చిరిగి, లోపలి లోహపు గొట్టం నేరుగా పైకొసతో కలిస్తే కరెంటు ఆ బిళ్ల గుండా పోదు, కాబట్టి అది ఆపలేదు. అందుకని ఏ సెల్లునైనా విడిగా మోయాలంటే ప్లాస్టిక్ డబ్బీ ఉండాల్సిందే.

నివేదికలో మూడు సంగతులు రాశాను. సరుకు నకిలీ. సెల్లులతో డబ్బీలు ఇవ్వలేదు, ఎట్లా మోయాలో ఎవరూ చెప్పలేదు. ట్రాకరు డ్యూటీలో గాయపడ్డాడు. అజాగ్రత్త అనే మాట ఎక్కడా రాయలేదు. పై అధికారి దాన్ని కొన్నాళ్లు తన దగ్గరే పెట్టుకున్నారు. తరువాత పిలిపించి, సంతకం పెడతాను గానీ ట్రాకర్లు ఒప్పుకునే టార్చి చూపించమన్నారు.

అది సులభం కాలేదు. రెండు సెల్లుల టార్చిలో పాతదీ కొత్తదీ కలిస్తే బలహీనమైనది దెబ్బతిని, చార్జింగులో వేడెక్కుతుంది. ట్రాకర్లు ఉండే బేస్ క్యాంపులో ఏది పాతదో ఏది కొత్తదో చూసి వేసే వీలుండదు. అందుకే ఒకే సెల్లు, అదీ బిళ్ల ఉన్నది, వేసే టార్చి ఎంచుకున్నాను. నిండగానే ఆగిపోయే చార్జరు, మూత గట్టిగా ఉన్న డబ్బీ జత చేయించాను. కానీ వెలుగు మునుపటంత దూరం పోదు. కుప్పంలో చెరకు తోట దగ్గర మునిమాపు వేళ వేసి చూపిస్తే ట్రాకర్లు పెదవి విరిచారు. ఏనుగు ముందర ఇది నిలవదన్నారు.

వెంకటప్ప అప్పటికి కుంటుతూ పనిలోకి వచ్చాడు. టార్చి తీసుకుని తోట వెంబడి కొంత దూరం నడిచి, తిరిగి వచ్చాడు.

"ఏనుగు ఆడుండాదని తెలిసేదానికి ఇది సాలప్పా," అన్నాడు తోటివాళ్లతో. "కండ్లల్లో కొడితే అది మన మీదికే వస్తాది. దాన్ని సూసి దూరంగా పొయ్యేదే గదా మన పని."

దాంతో మిగతావాళ్లూ ఒప్పుకున్నారు. ఆ టార్చీలే కొన్నాం, ఈసారి ప్రతి పెట్టె నుంచి కొన్ని సెల్లులు తూచి, పరీక్షించాకే. సరఫరా ఖాదర్ బాషాదే. రేటు ఎక్కువైంది, ఆడిట్ వాళ్లు అడిగారు, సుజాత ఇచ్చిన పరీక్ష కాగితాలు చూపించాం.

ఆ తరువాత రిటైరయ్యే వరకు ఎన్నో ప్రమాదాలు విచారించాను. గాయపడిన మనిషి ఏం చేశాడని అడగడానికి ముందు, అతని చేతికి మనం ఏమిచ్చామని చూడడం అప్పటి నుంచి అలవాటైంది. చాలాసార్లు మనం ఇచ్చినదాంట్లోనే జవాబు దొరికి, అతను ఏం చేశాడని అడగాల్సిన అవసరం రాలేదు.