హారతి పళ్లేనికి ఎదురుగా పిస్తోలు

దసరా నాడు పొద్దున ఏడింటికి నంద్యాల బస్టాండులో ఆళ్లగడ్డ బస్సెక్కాను. చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి, పాత పిస్తోళ్ల పిచ్చివాణ్ణి. ముందురోజు మిత్రుడు ఓబులేసన్న పంపిన ఫొటో చూసినప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. వాళ్ల ముత్తాత నాటి సైనిక పిస్తోలు అది. ఒకప్పుడు చెకుముకి రాయి నిప్పురవ్వతో పేలేది. తర్వాతెవరో ఆ రాయి బిగించే భాగం పీకేసి, కొడితే నిప్పు పుట్టించే చిన్న మందుటోపీని, దాన్ని కొట్టే సుత్తిని అమర్చారు. ఏటా ఆయుధపూజలో హారతివ్వగానే, ఆ టోపీ బదులు పిల్లల రీలు టపాకాయ పెట్టి పేలుస్తారట. గొట్టంలో పాత మందుందేమో ఎవరైనా చూశారా? అడుగుదామంటే ఫోనెత్తడు.

బస్సుకు బంతిపూల దండలు, అద్దానికి కుంకుమబొట్లు. గుమ్మడికాయ కొట్టిందాకా డ్రైవరు కదల్లేదు. నా ఆరాటం చూసి పక్కనున్న పెద్దావిడ, "ఏందప్పా, బస్సు కంటే ముందు నువ్వే పోయేట్టుండావే?" అంది. పండగనాడు ఈ దారిన వెళ్లేవారు పూజలకూ కాస్త సమయం కలుపుకుని బయల్దేరండి.

ఎనిమిదిన్నరకు దిగి ఆటో పట్టుకున్నాను. దారిలో శిల్పుల షెడ్లలో ఉలులు కడిగి పూజకు పేర్చారు. నేను గడప తొక్కేసరికి ఓబులేసన్న భార్య నాగమ్మక్క హారతి పళ్లెంతో పిస్తోలుకు ఎదురుగా నిలబడి ఉంది. అన్న దాన్ని చేతబట్టి సుత్తి వెనక్కి లాగాడు.

"అక్కా, పక్కకు జరుగు!" అని అరిచాను.

అన్న నవ్వాడు. "ఏంది సారూ, మా నాయన కాలం నుంచీ పేలుస్తాండాం. టప్పంటాది, అంతే."

పిస్తోలు లాక్కుని టపాకాయ తీసేసి, సుత్తి మెల్లగా దించాను. గొట్టంలోకి పుల్ల దింపి, ఎంత లోతు పోయిందో బయట ఆనించి చూశాను. అడుగుదాకా పోలేదు. లోపల ఏదో ఉంది.

నీళ్లు పోసి నానబెట్టి, నా సంచిలోని, కొసన మర తిప్పిన కమ్మీతో లాగితే గుడ్డపేలిక, సీసం గుండు, నల్లటి మందు ముద్ద బయటపడ్డాయి. మరి ఇన్నేళ్లూ ఎందుకు పేలలేదు? టోపీ పెట్టే బుడిపెను సూదితో గుచ్చితే తెలిసింది. ఏటా పూసిన పసుపూ కుంకుమా గట్టిపడి, నిప్పు లోపలికి పోయే కన్నం పూడిపోయింది.

నాగమ్మక్క గడప మీదే కూలబడింది. "నేను పెట్టిన బొట్టే నన్ను కాచిందా సారూ!" అని ఏడుస్తూనే నవ్వింది. నాకూ అప్పుడే ఊపిరాడింది. ఓళిగలు కడుపునిండా తిన్నాను.

మూడింటి బస్సుకు అన్న సాగనంపడానికి వచ్చాడు. బస్సు కదలబోతుంటే కిటికీలోంచి నా చేయి పట్టుకున్నాడు.

"పెండ్లయిన కాణ్ణుంచి, ఏటా ఆమె గుండెకే గురిపెడతాంటి సారూ."

"ఆమె ఇంట్లో నీకోసం ఎదురుచూస్తాంటాది, పో అన్నా," అన్నాను.